వెంకవ్వ విన్న సీరియల్

ఆ ఏడు తొలకరి వానకు పిడుగు ఎక్కడో పడింది, మా ఇంట్లో టీవీ పోయింది. మంట రాలేదు, పొగ రాలేదు, కాలిన వాసన మాత్రం వచ్చింది. బాగుచేసే అతను వచ్చి వెనక మూత విప్పి చూసి, ఏమీ ముట్టుకోకుండానే మళ్లీ బిగించి, ఇది ఇక లేదనుకోండి అని మరాఠీలో చెప్పి, చాయ్ తాగి వెళ్లిపోయాడు.

అప్పటికి మా అమ్మాయి సాక్షి నర్సింగు చదువుకని పుణె వెళ్లి ఎన్నాళ్లో కాలేదు. మా ఆయన శివరాం లారీ డ్రైవరు. నాందేడ్‌లో సరుకు ఎత్తుకుని తమిళనాడు దాకా పోతాడు, అక్కడ ఇంకో సరుకు దొరికితే అటు నుంచి అటే వేరే దిక్కుకు పోతాడు. ఇంటికి వచ్చినప్పుడు నీళ్లు పోసుకుని, తిని, నిద్రపోతాడు. బయట ఉన్నప్పుడు పొద్దుగూకే వేళకు ఫోన్ చేస్తాడు.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తిన్న."

ఆ తర్వాత కాసేపు ఇంజను చప్పుడు వినిపిస్తుంది. "సరే మరి" అని పెట్టేస్తాడు. చెడ్డవాడు కాదు. మా ఇద్దరి మధ్య ఉన్న మాటలన్నీ సాక్షి మాటలేనని అది వెళ్లాకే తెలిసింది.

నేను ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్ కుడతాను. చేతులకు పని ఉంటుంది, చెవులకు ఉండదు. టీవీ కూడా పోయాక ఇల్లు బావురుమంది. పాలవాడు వచ్చినప్పుడు ఒక మాట మాట్లాడితే గొంతు జీరగా వచ్చేది. గల్లీలో అందరూ మంచివాళ్లే. మరాఠీలో పలకరిస్తారు, నేనూ మరాఠీలోనే జవాబిస్తాను. నాందేడ్‌లో ఇన్నేళ్లున్నాక నాకు ఆ భాష రాక కాదు. కానీ కడుపులో ఉన్నది చెప్పుకోవాలంటే నాకు తెలుగే కావాలి. దానికి ఇంట్లో సాక్షి ఒక్కతే ఉండేది.

ఫోన్‌లో దానితో టీవీ సంగతి చెబితే నవ్వింది.

"బీరువా అడుగుల నా పాత టాబ్ ఉంది గద మమ్మీ. దాంట్ల నెట్ మీద తెలుగు చానల్ అస్తది. చూసుకో."

లాక్‌డౌన్‌లో దాని ఆన్‌లైన్ చదువుకని కొన్న టాబ్ అది. ఏ కంపెనీదో ఎవరికీ తెలియదు, అంత చవకది. తెర మీద ఒక మూల పసుపు మరక. చార్జరు పీకితే చాయ్ మరిగేలోపు చచ్చిపోతుంది. ఏ గుర్తు మీద నొక్కాలో, ఏది నొక్కకూడదో సాక్షి ఫోన్‌లోనే ఓపిగ్గా నేర్పింది. నేను నొక్కకూడనిదే చాలాసార్లు నొక్కాను. చివరికి ఒక మధ్యాహ్నం తెర మీద పట్టుచీరలో ఒకామె ప్రత్యక్షమై, "ఈ ఇంటి కోడలు దొంగతనం చేస్తుందా!" అని తెలుగులో అరిచింది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

బొమ్మ బాగానే ఉండేది గానీ చప్పుడు దోమ గీపెట్టినట్టు వచ్చేది. దాన్ని రొట్టెల డబ్బాలో నిలబెట్టి, డబ్బాను గోడకు ఆనించి చూశాను. చప్పుడు రెండింతలైంది. అప్పటి నుంచి అదే దాని చోటు. నేను కింద కూర్చుని కుట్టుకుంటూ వినేదాన్ని, కుట్టు ఆగినప్పుడు తలెత్తి చూసేదాన్ని.

ఆ సీరియల్‌లో కోడలి పేరు కల్యాణి. గొప్పింటికి కోడలై వచ్చిన పేదపిల్ల. ఇంట్లో బంగారు వడ్డాణం మాయమైంది, నింద ఆమె మీద పడింది. అదే కథ రోజులకు రోజులు నడిచింది. ఒకనాడు అత్తగారు వడ్డాణం వెతకడానికని బీరువా తాళం తిప్పుతోంది. తలుపు సగం తెరుచుకుంది. అంతలో తెర మధ్యలో గుండ్రటి గీత ఒకటి గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ఆ రోజుకు డేటా అయిపోయిందన్న మాట. మళ్లీ తెల్లవారితేనే.

నేను సూదిలో దారం ఎక్కించుకుంటున్నాను. గోడ మీద ఎవరో తట్టారు.

"ఏందే, ఆపినవేంది?" అంది గోడ. "గా వడ్డాణం దొరికిందా లేదా?"

సూది ఎక్కడ పడిందో తెలియలేదు. పై రేకులకూ గోడకూ మధ్య గాలి కోసం వదిలిన సందు ఒకటుంది. గొంతు అందులోంచి వస్తోంది. ఆడగొంతు, లావుపాటి గొంతు.

"ఎవరు?" అన్నాను.

"నేనే. వెంకవ్వను. విలాస్ లేడా, వాని అమ్మను."

పక్కింటి విలాస్ నాకు తెలుసు, తెలుగువాడే, కానీ ఇంటిపట్టున ఉండడు. మోండా ధాన్యం మార్కెట్లో తూకం దగ్గర పనిచేస్తాడు. అతని భార్య శుభాంగిది ఒక ఆస్పత్రి వంటశాలలో పని. ఆమెది లాతూర్ వైపు, తెలుగు ముక్క రాదు. విలాస్ ఊరి నుంచి తల్లిని తెచ్చుకున్నాడని విన్నాను. రిక్షా దిగుతుంటే దూరం నుంచి చూశాను కూడా, ముసుగేసుకుని ఉంది. ఆ తర్వాత బయట కనబడనే లేదు.

"దొరకలేదవ్వా. నెట్టు పోయింది."

"గట్లెట్ల పోతది? బీరువ తీసిండ్రు గద?"

"తీసిండ్రు. ఇగ రేపే."

గోడవతల పెద్ద నిట్టూర్పు. "రేపటిదాంక నేనేం జెయ్యాలె?"

ఆ మాట నాకు తగిలింది. నేను రోజూ అనుకునే మాటే అది.

"మా ఇంట్లకు రా అవ్వా. కూసొని మాట్లాడుకుందాం."

"ఎట్లొస్త బిడ్డా? తాళమేసి పోతరు గద."

ఆమె ఎవరినీ తిట్టకుండా, వాన పడుతోంది అన్నట్టు చెప్పింది. ఆమెది దెగ్లూర్ అవతల మర్ఖేల్. కూలికి పోయి బతికిన మనిషి. పొలాల్లో అందరితో కలిసి మరాఠీ మాట్లాడేదట. కిందటి చలికాలం జ్వరమొచ్చి పడిపోయిందట. లేచాక చూసుకుంటే మరాఠీ అంతా పోయింది, తెలుగొక్కటే మిగిలింది. ఇక్కడికొచ్చిన కొత్తలో చుట్ట పొగాకు కోసమని బయటికి వెళ్లి దారి తప్పింది. ఎవరినీ అడగలేక నడిచి నడిచి గోదావరి మెట్ల దాకా పోయింది. రిక్షావాడెవరో చీకటి పడ్డాక తెచ్చి దింపాడు. మర్నాటి నుంచి తాళం.

"నీ డబ్బల తెలుగు ఇన్నప్పుడు మా ఊరే అనుకున్న," అంది. "మా ఊరోల్లెవరో అచ్చిండ్రనుకున్న. జర గట్టిగ పెట్టు బిడ్డా, నాకు ఎడమ చెవు ఇనబడది."

ఆ సాయంత్రం విలాస్ ఇంటికి వెళ్లాను. శుభాంగి జొన్నరొట్టె తడుతోంది. ఉదయం నుంచి ఆస్పత్రిలో తట్టిన చేతులే అవి. అవ్వను పగటి పూట మా ఇంట్లో కూర్చోబెట్టమన్నాను. విలాస్ తల దించుకున్నాడు.

"వద్దు వత్సలక్కా. నువ్వు పని చేసుకునేదానివి. కన్నుగప్పి ఎటన్న పోయిందనుకో, నిన్నేమనాలె? ఒకరి మీద బరువెయ్యద్దు."

"బరువేముంది విలాస్? ముసలామె."

"వద్దు," అన్నాడు మళ్లీ. మంచంలో వెంకవ్వ నిండా దుప్పటి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కొడుకు ముందు ఆమె నన్నెరగనట్టే ఉంది. నేనూ పేరుపెట్టి పిలవలేదు.

అట్లా ఆ వానకాలమంతా నేనొక గోడతో కాపురం చేశాను. పొద్దున్నే పక్కింటి తాళం చప్పుడు వినబడేది. కాసేపటికి గోడ మీద తట్టు. నేను టాబ్ పెట్టేదాన్ని. వెంకవ్వ ఊరికే వినే మనిషి కాదు. ప్రతి మాటకూ జవాబు చెప్పేది. అత్తగారు ఏడిస్తే, "ఏడువు, దొంగ ముండా, వడ్డాణం నువ్వే దాసినవు" అనేది. ప్రకటనలు కూడా విడిచిపెట్టేది కాదు. "గా సబ్బు మంచిదేనా?" అని అడిగేది. ఏ సబ్బు మంచిదో నేనూ ఆలోచించి చెప్పేదాన్ని.

డేటా అయిపోయినప్పుడు తంటా వచ్చేది. ఒకరోజు ఆమె పట్టువిడవక అడుగుతుంటే, సరే అని నా నోటికొచ్చింది చెప్పాను. కల్యాణి ఆ ఇంటి నుంచి నడిచి వెళ్లిపోయిందన్నాను. ఎక్కడికంటే బిలోలి బస్టాండుకన్నాను. అక్కడ క్యాంటీన్‌లో మిర్చిబజ్జీలు వేసే పనిలో చేరిందన్నాను.

"నూనె కాగినంక ఏసిందా, కాగకముందే ఏసిందా?"

"కాగినంకనే."

"అయితె బతుకుతది," అంది వెంకవ్వ.

ఆ తర్వాత నాకే ఉత్సాహం పుట్టింది. నిజామాబాద్ బస్సు కండక్టరు ఒకడు రోజూ బజ్జీలు తినడానికి దిగుతున్నాడన్నాను. ఒక ముసలామె కల్యాణిని బిడ్డలా చూసుకుంటోందన్నాను. గిన్నెలు తోముతూ, చీర మడత పెడుతూ, నీళ్లు పడుతూ చెప్పేదాన్ని. నా గొంతు నాకే కొత్తగా ఉండేది. మర్నాడు సీరియల్‌లో కల్యాణి అత్తగారి కాళ్ల మీద పడి ఏడుస్తుంటే వెంకవ్వకు కోపమొచ్చింది.

"గది అబద్ధం. బస్టాండుల ఉన్న పిల్ల గీడికెట్లొచ్చింది? బంజెయ్యి దాన్ని. నువ్వు జెప్పిందే నిజం."

శివరాం ఆ నెలలో ఒకసారి వచ్చాడు. ఆ పూట నేను గోడకు నోరు విప్పలేదు. గోడా తట్టలేదు. ఇంట్లో మగమనిషి ఉన్నాడని ఆమెకు తెలిసిపోయినట్టుంది. అతను తిని, నిద్రపోయి, తెల్లారి వెళ్లిపోయాడు. లారీ సందు దాటిందో లేదో, "పోయిండా?" అంది వెంకవ్వ.

"పోయిండు."

"మాట్లాడడా?"

"అలసిపోయి అస్తడవ్వా."

"నువ్వు మాట్లాడుతవా?"

నేను డబ్బాను గోడకు సర్దాను.

శ్రావణం మధ్యలో ముసురు పట్టింది. పైన ఆనకట్ట గేట్లు ఎత్తారని పొద్దున్నే రిక్షాకు మైకు కట్టుకుని చెప్పుకుంటూ తిరిగారు. మా గల్లీ నాలాకు ఆనుకుని ఉన్న పల్లం. విలాస్, శుభాంగి అప్పటికే పనికి పోయారు. ముందు మోరీలోంచి నీళ్లు వెనక్కి తన్నాయి, కాసేపటికి గడప దాటి లోపలికొచ్చాయి. గల్లీలో వాళ్లు మూటలు నెత్తినపెట్టుకుని మున్సిపల్ బడి వైపు నడుస్తున్నారు. నేను చీరల మూట, సాక్షి సర్టిఫికెట్లు, టాబ్ ఒక సంచిలో కుక్కాను. విలాస్‌కు ఫోన్ చేశాను, కలవలేదు. శుభాంగికి చేశాను, మోగి మోగి ఆగిపోయింది.

"అవ్వా!" అని గోడ మీద కొట్టాను.

"ఆఁ."

"నీళ్లొచ్చినయా?"

"అచ్చినయి. మంచం మీదున్న," అంది. గొంతులో భయం లేదు. "ఇయాల పెట్టవా?"

రోకలి తీసుకుని మోకాటి లోతు నీళ్లలో పక్కింటి తలుపు దగ్గరికి వెళ్లాను. తాళం మీద కొట్టాను, కదల్లేదు. గట్టి తాళం. ద్వారబంధం మాత్రం పాత చెక్క, చెమ్మకు నాని ఉంది. కొండి మీద కొడితే మేకులతో సహా ఊడి నీళ్లలో పడింది.

ఆ గొంతు విని పెద్ద మనిషనుకున్నాను. మంచం మీద కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్న వెంకవ్వ పదేళ్ల పిల్లంత ఉంది. కళ్లు చికిలించి నన్ను చూసింది. మొహమంతా చేత్తో తడిమింది.

"వత్సలవా? గింత పెద్దదానివేందే! నేను కొత్త కోడలివనుకున్న."

ఆమెను వీపున ఎక్కించుకుని బడికి నడిచాను. దారిపొడుగునా, "కండక్టరు పెండ్లి గురించి అడిగిండా మరి?" అని చెవిలో అడుగుతూనే ఉంది.

బడిలో మధ్యాహ్నానికి కరెంటు వచ్చింది. పిల్లల గదిలో బల్ల మీద టాబ్ పెట్టి, ప్లగ్గు గుచ్చి, అవ్వను ముందు కూర్చోబెట్టాను. ఇన్నాళ్లూ విన్నదాన్ని చూస్తే సంతోషపడుతుందని నా ఆశ. సీరియల్ మొదలైంది. వెంకవ్వ ముక్కు తెరకు ఆనించినంత దగ్గరగా వంగింది.

"గింతనా?" అంది.

"ఆఁ అవ్వా, ఇదే."

"గీ అగ్గిపెట్టెలనా గంత మంది ఉన్నది?" కాసేపు చూసింది. "కల్యాణి గీ పిల్లనా? బొత్తిగ బక్కగుంది. నేను గట్టి పిల్ల అనుకున్న." వెనక్కి జరిగి గోడకు ఆనుకుని కూర్చుంది. "బంజెయ్యి బిడ్డా. నువ్వే చెప్పు."

సాయంత్రం విలాస్ దంపతులు తడిసి ముద్దయి వచ్చారు. కొండి ఊడిన తలుపు చూసి ఊరంతా వెతుక్కుంటూ వచ్చారట. విలాస్ తల్లిని చూశాడు, నన్ను చూశాడు. తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. శుభాంగి మాత్రం నా పక్కన కూలబడి మరాఠీలో ఒకే మాట అంది: "తాయీ, కులూప్ మీచ్ లావలం హోతం." అక్కా, తాళం వేసింది నేనే అని ఆమె మాట. ఆమె చేయి పట్టుకున్నాను. మంచులా చల్లగా ఉంది.

నీళ్లు తీశాక ఇళ్లకు చేరాం. బురద ఎత్తిపోయడంలో రోజులు గడిచాయి. పక్కింటి తలుపుకు విలాస్ కొత్త కొండి బిగించలేదు. వెంకవ్వ ఒక పగలు నా ఇంటికి వచ్చి కూర్చుంది, ఇంకో పగలు నేను వెళ్లి కూర్చున్నాను. ఇక ఇట్లాగే ఉంటుందనుకున్నాను. పోలాల అమావాస్య దాటిన మర్నాడు విలాస్ చేతిలో ఒక సంచి, పక్కన తల్లితో మా గడప ముందు నిలబడ్డాడు.

"మర్ఖేల్ తీస్కపోతున్నక్కా. మా అక్క నర్సవ్వ దగ్గర ఉంటది. ఆడ దారి తప్పినా అందరు ఎరికున్నోల్లే."

మంచి మాటే అది. కాదనడానికి నోరెట్లా వస్తుంది?

"మంచిగ చేసినవు," అన్నాను.

వెంకవ్వ నా గడ్డం పట్టుకుని ఊపింది. ఊరికి పోతున్న సంబరంలో ఆమె కళ్లు అప్పటికే రోడ్డు మీదున్నాయి. రిక్షా ఎక్కి, ముసుగు సర్దుకుని, వెనక్కి చూడకుండా పోయింది.

ఆ తర్వాత టాబ్ పెడితే అందులో వాళ్లంతా పరాయివాళ్లలా మాట్లాడేవారు. జవాబు చెప్పేవాళ్లు లేరు. కల్యాణి ఎందుకు ఏడుస్తోందో, వడ్డాణం ఎవరు దాచారో నాకూ పట్టకుండా పోయింది. ఒక్కోసారి డేటా అయిపోయిన సంగతి కూడా గమనించకుండా ఆ గుండ్రటి గీత ముందు కూర్చుని కుట్టేదాన్ని.

దసరాకు ముందు ఇక ఉండబట్టలేక ఒక పొద్దున దెగ్లూర్ బస్సెక్కాను. టాబ్‌ను తుండులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. దెగ్లూర్‌లో దిగి జీపెక్కి మర్ఖేల్ చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. నర్సవ్వ ఇల్లు అడిగితే చిన్నపిల్ల కూడా చూపించింది.

వాకిట్లో ఆడవాళ్లు చాటలు ముందేసుకుని పెసర్లు చెరుగుతున్నారు. మధ్యలో వెంకవ్వ. చెరగడం తక్కువ, మాట ఎక్కువ. ఎవరి మీదో ఏదో అంది, అందరూ విరగబడి నవ్వారు. నాందేడ్‌లో గోడవతల ఆ గొంతులో ఇంత నవ్వు ఉందని నాకు తెలియదు.

"అవ్వా," అన్నాను.

చికిలించి చూసింది. "ఎవరూ... ఓ నా గోడ బిడ్డా! రా రా. నర్సవ్వా, చాయ్ పెట్టు. నాందేడ్‌ల గోడకవతల ఉండె చూడు, గీమెనే."

నా చేతిలో ఒక చాట పెట్టారు. చెరిగాను. తిండి పెట్టారు. తిన్నాను. ఆడవాళ్లు ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడుతున్నారు, అంతా తెలుగే, ఊళ్లో వాళ్ల సంగతులే. అందులో నాకు తెలిసిన పేరు ఒక్కటీ లేదు. కాస్త సందు దొరికినప్పుడు సంచిలోంచి తుండు తీశాను.

"నీ కోసం తెచ్చిన అవ్వా. ఉంచుకుంటవా?"

"గదేం జేసుకుంట బిడ్డా?" అంది, పెసర్లలోంచి తలెత్తకుండా. "గప్పుడు తోచక విన్న. గిప్పుడు మనుషులున్నరు గద."

"కల్యాణి ఏమైందో అడగవా?"

"ఏ కల్యాణి?" అంది. చేతులు ఒక క్షణం ఆగాయి. "ఆఁ, గా బజ్జీల పిల్లనా? నూనె కాగినంకనే ఏసింది గద. బాగే ఉంటది తియ్యి." పక్కామె చాటలోంచి ఒక రాయి ఏరి పారేసి, తప్పిపోయిన మాట మళ్లీ అందుకుంది.

ఆమె బాగుంది. దానికే కదా కొండి ఊడగొట్టింది. జీపు ఎక్కించడానికి నర్సవ్వ వచ్చింది. వెంకవ్వ కూర్చున్నచోటి నుంచే చెయ్యి ఊపింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. కోతకొచ్చిన సోయా చేలు ఎర్రగా ఎండి ఉన్నాయి. ఒడిలో టాబ్ ఉన్న సంచి అట్లాగే ఉంది.

ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతోంది. దీపం కూడా వెయ్యలేదు, ఫోన్ మోగింది.

"తిన్నవా?" అన్నాడు శివరాం.

"తినలేదు."

అటు ఇంజను చప్పుడు. ఇన్నేళ్లలో నేను ఆ జవాబు చెప్పడం అదే మొదటిసారి.

"ఎందుకు? పానం మంచిగ లేదా?"

"మర్ఖేల్ పోయచ్చిన."

"మర్ఖేలా? గాడ మనకెవరున్నరు?"

"ఒక అవ్వ ఉంది. వెంకవ్వ అని. పక్కింట్ల ఉండె. నీళ్లొచ్చిన రోజు..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఎక్కడి నుంచి చెప్పాలో, వింటాడో లేదో తెలియలేదు. "పొడుగు ముచ్చట. నువ్వు బండి మీదున్నవు. తర్వాత చెప్త."

"ఆగు," అన్నాడు.

ఎవరో అడ్డం వచ్చారేమో, చెక్‌పోస్టేమో అనుకున్నాను. బ్రేకు కీచుమంది. చక్రాల కింద కంకర నలిగింది. తర్వాత ఇంజను ఆగిపోయింది. అతని వైపు అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఎక్కడో ఒక పిట్ట అరవడం కూడా వినిపించింది.

"బండి పక్కకు పెట్టిన," అన్నాడు శివరాం. "ఇప్పుడు చెప్పు. ఎవరా అవ్వ?"

గోడకానుకుని కింద కూర్చున్నాను. చెప్పబోతే ఏడుపొచ్చింది. అతను ఫోన్ పెట్టెయ్యలేదు.